నూకరత్నం పుట్టిన ఏడు

భీమిలి రేవును ఆ ఉదయం పొగమంచు కమ్మేసింది. దారి చూపే పరికరాలన్నీ మూగబోయాయి. పన్నెండు మందితో వస్తున్న పడవ రాళ్ల అవతల చిక్కుకుపోయింది.

"నానెల్లి తెస్తాను," అంది నూకరత్నం.

రేవు అధికారి మాధురి ఆమె చేతిని యంత్రం మీద పెట్టించింది. ఒంటికి ఏటేటా మరమ్మతులు చేయించుకునే రోజులవి. వయసంటే యంత్రం చెప్పిందే. అది 'ముప్ఫై ఒకటి' అంది.

"పరికరం లేకుండా పడవ నడిపిన తరం కాదక్కా మీది. పంపలేను."

"అది నా ఒళ్లు సూసి సెప్పింది తల్లీ. నాను రెండువేల ఒకటిలో పుట్టాను. ఇప్పుడు రెండువేల ఎనభై ఆరు. అందులోంచి అది తీసెయ్."

మాధురి జన్మలో ఆ లెక్క కట్టలేదు. వేళ్లు మడిచి, "ఎనభై అయిదా!" అంది.

"పుట్టినరోజు ఏప్రిల్లో. ఇంకా జనవరే కదా, ఎనభై నాలుగే. పదో ఏట మా అయ్యతో తెప్పెక్కాను. అప్పుడు మాకు సెవులే పరికరాలు."

మాధురి పడవ తాళం ఆమె చేతిలో పెట్టింది.

రాళ్ల మీద కెరటం విరిగే చప్పుడును ఎడమ చెవికే ఉంచుకుంటూ నూకరత్నం మంచులోకి వెళ్లింది. గంట తిరక్కముందే ఆ పడవను వెంటబెట్టుకుని ఒడ్డు చేరింది. దిగినవాళ్లంతా ఆమె చుట్టూ మూగారు.

"రేపు పొద్దున్నే రండి, నేర్పుతాను," అంది ఆమె. "మా ఈడోళ్లు ఇంకా నలుగురున్నారు."

"నేనూ రావచ్చా, మామ్మా?" అని అడిగింది మాధురి.