తెల్లదొరను ఆపిన గెడ

జీపు డుంబ్రిగుడ దాటి మూడు మలుపులు తిరిగిందో లేదో, దారికడ్డంగా వెదురు గెడ. గెడ వెనక పాతికమంది ఆడవాళ్ళు. అందరికీ ముందు సోములమ్మ అనే ముసలావిడ.

"ఇదెక్కడి గోలయ్యా!" దేవీప్రసాద్ వాచీ చూసుకున్నాడు. పన్నెండు. జీపు వెనకాల సర్వే రాళ్ళున్నాయి. సాయంత్రం ఐదులోగా అవి పైకొండ మీద పాతేస్తే, కొండ అతను పనిచేసే క్వారీ కంపెనీది. పాతకపోతే ఇవాళ్టితో పర్మిషన్ రద్దు. దాంతోపాటు అతగాడి ఉద్యోగమూ గోవిందా.

"ఇటుకల పండగ సార్," అన్నాడు డ్రైవర్ ఫల్గుణ, ఇంజను ఆపేస్తూ. అతనిది ఈ కొండల్లోనే ఓ ఊరు. "మగోళ్ళు వేటకెళ్తే ఆడోళ్ళు దారి కాస్తారు. ఎంతోకొంత ఇచ్చుకోవాల. కాదని గెడ దాటితే కొండంతా మీదకొచ్చేస్తది."

దేవీప్రసాద్ ఐదొందల నోటు తీశాడు. సోములమ్మ దానివంక కన్నెత్తి చూడలేదు.

"డబ్బులెవులిక్కావాల? కత ఇని, ఆడి, తిని ఎళ్ళు. మా ముత్తవ్వ ఇక్కడే, ఇలాగే గెడేసి, తెల్లదొర గుర్రాన్ని ఆపినాది. ఆడూ ఆ పైకొండకే బయల్దేరినాడు. అంతటి దొరే దిగి ఆడినాడు. నువ్వు ఆడికన్నా గొప్పోడివేటి?"

మొదలెట్టింది మహాతల్లి, ముత్తవ్వ పుట్టిన దగ్గర్నుంచి! లేవబోతే "కూకో" అని కసురు. గుర్రం రంగు చెప్పడానికే అరగంట పట్టింది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ వచ్చి చావలేదు.

తర్వాత దింసా. ఊళ్ళోని మగాళ్ళు డప్పులు వాయిస్తుంటే, ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని అతన్ని వరసలోకి లాగేశారు. ఫల్గుణ అప్పటికే ఓ డప్పు అందుకున్నాడు. ఆట ఆగాక సామన్నం, కోడికూర. వద్దంటే "మా కూడు తినవా?" అని పాతిక గొంతులు లేచాయి.

ఐదు దాటింది. సోములమ్మ తనే వెళ్ళి గెడ ఎత్తింది.

"ఇంక బేగి ఎళ్ళు బాబూ."

దేవీప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది.

"పండగ కదా అని ఊరుకున్నాను. మరో రోజైతే ఈ గెడ మీంచే జీపు పోనిచ్చేవాణ్ణి, తెలుసా!"

సోములమ్మ నడుం మీద చేతులేసుకుని నవ్వింది.

"పండగేటి బాబూ? అదైపోయి నెల్లాళ్ళయింది!"