రెండిళ్ల బీమా

పెద్ద తోడికోడలు వెంకటేశ్వరమ్మ తన కొత్త డాబాకి బీమా చేయిస్తోందని తెలిసి, పక్కింట్లోనే ఉన్న సుభాషిణికి కడుపు మండిపోయింది.

"మిరప వాళ్ళకే పండిద్ది. డాబా వాళ్ళకే లేచిద్ది. ఇప్పుడు తుపానొచ్చినా వాళ్ళకే భయం లేదంట!" అని మొగుడి మీద అరిచింది.

సాయంత్రం ఏజెంటు ఆమె గుమ్మంలోకే వచ్చాడు. "మీ ఇంటిక్కూడా మీ అక్కగారే డబ్బు కట్టారండి. మీరు సంతకం పెడితే చాలు."

సుభాషిణి విసురుగా వెంకటేశ్వరమ్మ వంటింట్లోకి వెళ్ళింది. గృహప్రవేశానికి కూడా రాని మనిషి. "నా ఇల్లు ఎప్పుడు కూలిద్దా అని చూస్తున్నావా అక్కా?"

వెంకటేశ్వరమ్మ స్టవ్ ఆపింది. "పోయిన తుపానుకి మీ కప్పు కారితే, పక్కనే నా ఇల్లుండగా పిల్లల్ని తీసుకుని బళ్ళో పడుకున్నావు. రేపు ఆ ఇల్లు కూలినా నా గడప తొక్కవు. మళ్ళీ కట్టుకోడానికి నీకంటూ ఓ దారుండాలి గదే!"

సుభాషిణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సంతకం సంగతి తర్వాత. ముందు టీ పెట్టు," అంది.