ఎండుచేపల కాపలా

“నిజం చెప్పవే, పీటీ మేస్టారు నీకు విడిగా కోచింగ్ ఇస్తున్నారు కదూ?”

గంగారత్నాన్ని ఈ ఒక్క మాట అడగడానికే స్టెల్లా బడి వదలగానే బందరు నుంచి సముద్రం ఒడ్డు దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చింది. బెజవాడలో జరిగే ఫుట్‌బాల్ సెలక్షన్లకి స్కూలు నుంచి ఒక్కరినే పంపుతారు. పోయిన వారం పరుగులో గంగారత్నం తనని వెనక పడేసి పోయింది, అదీ వట్టి కాళ్ళతో! స్టెల్లావి బెజవాడ నుంచి తెప్పించిన బూట్లు. అప్పట్నుంచీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది.

గంగారత్నం జవాబు చెప్పేలోగా ఇసుకలో ఆరబోసిన చేపల మీద కాకి వాలింది. “హుష్!” అంటూ ఒక్క ఉదుటున పరిగెత్తింది. ఆ చివర ఇంకోటి వాలితే గిరుక్కున అటు తిరిగింది.

“ఇదేనే నా కోచింగు. రోజూ పొద్దుగూకేదాకా ఇంతే. ఒక్క చేప పోయినా మా అమ్మ తోలు తీస్తుంది.”

“ఇంతేనా? నేను తోలతా చూడు!” బూట్లు విప్పి విసిరేసింది స్టెల్లా.

మూడో కాకికే ఇసుకలో కాళ్ళు కూరుకుపోయి చతికిలబడింది. కాకి చేపతో ఎగిరిపోయింది.

గంగారత్నం నవ్వలేదు. పక్కన కూర్చోబోయి, ఇంకో కాకిని చూసి నిలబడిపోయింది.

“బడి నుంచి ఇంటికెళ్ళి నువ్వేం చేస్తావే?”

“ఏముందీ, కాసేపు పడుకుంటా.”

“పడుకుంటావా!”

గంగారత్నం తేరిపార చూసింది. ఆ చూపు స్టెల్లాకి బాగా తెలుసు. రోజూ గ్రౌండులో గంగారత్నాన్ని తను చూసే చూపే అది.