పద్నాలుగో రాయి

ఆ సాయంత్రమే కసియానో పద్నాలుగో సరిహద్దు రాయికి సున్నం వేసి, ఏ దేశం వైపు ఆ దేశం పేరు నల్లరంగుతో దిద్దాడు. కాపలాగది గుమ్మంలో నిలబడితే కనబడేది ‘బొలీవియా’. ‘చిలీ’ అవతలి వైపు.

రాత్రి ఉన్నట్టుండి గాలి పడిపోయింది. దొడ్డిలో లామాలు కూడా మెదలడం మానేశాయి. అతను లాంతరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. రాయి ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద ‘చిలీ’ అని ఉంది.

గబగబా రేడియో అందుకున్నాడు. జిల్లా ఆఫీసులో, కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుని రాత్రి డ్యూటీ చేసేది అతని భార్య ఇలారియా.

“రాయి తిరిగిపోయిందే!”

“తిరిగింది రాయి కాదయ్యా, నీ బుర్ర. చలికని మళ్ళీ మందేశావా?” ఆమె పకపకా నవ్వింది. “ఏమని ఉందో సరిగ్గా చదువు.”

“చిలీ అని.”

నవ్వు ఆగిపోయింది. రేడియో ఒక్కసారి గరగరమంది.

“ఎవరండీ మీరు?” అంది ఇలారియా.

“నేనేనే... కసియానోని!”

“ఆ పేరుగలాయన మా జిల్లాలో ఎవరూ లేరండీ.”

ఆమె పక్కనుంచి కూతురి గొంతు నిద్రమత్తుగా వినిపించింది. “ఎవరమ్మా?”

“ఎవరోనమ్మా, అవతలి దేశం ఆయన. నువ్వు పడుకో.”