ఎదురుగది మనిషి

తలుపు తీసేసరికి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది నర్సింగమ్మ.

"వేడి వేడి జొన్నరొట్టె బిడ్డా. గోంగూర తొక్కు గూడ ఉంది. జర తిను."

"నాకొద్దు. ఎన్నిసార్లు చెప్పాలె?" విసుక్కుంది సింధూజ.

నర్సింగమ్మ గిన్నె గడప పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

హాలియాలోని ఆ కిరాయి ఇంట్లో, ఎదురుగదిలోకి నర్సింగమ్మ దిగి నెలైనా కాలేదు. భారీ మనిషి. ఉబ్బిన ముఖం, ఉబ్బిన చేతులు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

అంత తినడమెందుకు, ఇంత రొప్పడమెందుకు అనుకునేది సింధూజ.

సింధూజ బట్టల షోరూంలో పనిచేస్తుంది. ఒకసారి చీర భుజాన వేసుకుని చూపిస్తుంటే, కొనడానికి వచ్చినావిడ నవ్వింది.

"సన్నగున్న పిల్లను పిలువుండ్రి. నీ మీద ఏ చీరైనా దుప్పటి లెక్కనే కనబడ్తాంది."

ఆనాటి నుంచి సింధూజకు అన్నమంటే పగైపోయింది. బొమికలు తేలినా అద్దంలో లావుగానే కనిపించేది. ముద్ద నోట్లో పెడితే దొంగతనం చేసినట్టుండేది.

ఫోన్లో ఒక వీడియో చూసింది. విదేశాల్లో డాక్టర్లు పక్కనే కూర్చుని, భ్రమలు పుట్టించే పుట్టగొడుగుల మందుతో ఒంటి మీద, తిండి మీద ఉన్న అసహ్యం పోతుందేమో చూస్తున్నారట.

డాక్టర్ల మాట వదిలేసి పుట్టగొడుగుల మాట పట్టుకుంది సింధూజ. ఎవరి ద్వారానో తెప్పించుకుంది. మంగళవారం సెలవు పెట్టి, గదిలో ఒంటరిగా మింగింది.

కాసేపటికి గోడలు ఊపిరి తీయసాగాయి. అద్దంలో తన ఒళ్ళు పెరిగి పెరిగి గదంతా నిండిపోయింది.

కెవ్వున అరిచింది.

రొప్పుతూ వచ్చింది నర్సింగమ్మ. "ఏం తిన్నవు బిడ్డా?"

సింధూజ పొట్లం చూపించింది. నర్సింగమ్మ వీధి చివరి డాక్టరును పిలిపించింది. ఆయన నాడి చూసి, "ప్రాణానికేం ఫికర్ లేదు. మత్తు దిగేదాకా మాత్రం ఒంటరిగా ఇడువకుండ్రి" అని చెప్పి వెళ్ళాడు.

నర్సింగమ్మ అద్దం మీద తువ్వాలు కప్పింది. సింధూజ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"గిది నీ చెయ్యి బిడ్డా. గివి నీ కాళ్ళు. పుట్టినకాడి నుంచి నిన్ను మోస్తున్నయి. గింత కోపమేందమ్మా వీటి మీద?"

పొద్దుగుంకేదాకా ఆ మాటే చెబుతూ కూర్చుంది. మత్తు దిగాక గంజి తాగించింది. సింధూజ వెక్కుతూ తాగింది.

తెల్లారి చూడవచ్చిన నర్సింగమ్మ ముందు సింధూజకు సిగ్గు ముంచుకొచ్చింది.

"నిన్నటి సంగతి ఎవ్వరికీ చెప్పకు. మళ్ళ నా రూముకు రాకు. నిన్ను చూస్తేనే నాకు భయమైతాంది, నీ లెక్కనే అయితనేమోనని."

నర్సింగమ్మ ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది.

"సరే బిడ్డా. తిను మరి."

అంతే. మళ్ళీ రాలేదు.

కానీ 'గిది నీ చెయ్యి బిడ్డా' అన్న ఆ మాటలు సింధూజను వదల్లేదు. ఆదివారం అన్నం వండుకుంది. భయపడుతూనే తిన్నది. పళ్ళెం ఖాళీ అయ్యాక తన చేతుల్ని చూసుకుంటే ఏడుపొచ్చింది. ఈ సంగతి చెప్పాల్సింది ఒక్కరికే.

ఎదురుగది తెరిచి ఉంది. లోపల ఒకాయన సామాను మూట కడుతున్నాడు.

"నేను బీరప్పను. నర్సింగమ్మ తమ్ముణ్ణి."

"అక్క ఏది?"

"పోయిందమ్మా, శుక్రారం." కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "కిడ్నీలు ఖరాబైనయి. రోజు విడిచి రోజు నల్లగొండ దవాఖానల మిషన్ మీద రక్తం కడిగించుకునేది. తిండితోటి వచ్చిన ఒళ్ళు కాదమ్మా అది, అంతా నీరు. ఉప్పులేని బువ్వ రెండు ముద్దలు తింటే ఎక్కువ."

"మరి మంగళారం?" అడిగింది సింధూజ.

"మంగళారం దవాఖానకు రాలేదు. మర్నాటికే ఊపిరాడక పడిపోయింది. ఎందుకు రాలేదే అక్కా అంటే, 'నా బిడ్డకు పానం మంచిగ లేకుండె, ఇడిసిపెట్టి ఎట్ల వస్తరా' అన్నది."

బీరప్ప మూట ముడి బిగించి, అమాయకంగా తలెత్తి చూశాడు.

"మా అక్కకు పిల్లలే లేరు. గా బిడ్డెవరో నీకేమన్న ఎరుకనా తల్లీ?"