మెల్లకన్ను దొంగ

తెనాలి స్టేషను వచ్చేలోపు కరుణ ఒక దొంగను పుట్టించాలి.

పెళ్ళయి ఇంకా నెల కాలేదు. భర్త బర్నబాస్ బావగారి కెమెరా అరువు తెచ్చి, బాపట్ల తీసుకెళ్ళి, సూర్యలంక సముద్రం ముందు ఆమెను రకరకాలుగా నిలబెట్టి రీలంతా అవగొట్టాడు. సైన్సు మాస్టారు కదా, క్లిక్కుకో పాఠం. "వెలుగు రెప్పపాటే లోపలికి రావాలి కరుణా! ఎక్కువైతే బొమ్మ తెల్లబోతుంది, తక్కువైతే నల్లబోతుంది. ఎండుంటే దీని కన్ను చిన్నది చెయ్యాలి, మబ్బుంటే పెద్దది." పాఠం కంటే చెప్పే మొహం ముచ్చటగా ఉండి ఆమె సగమే విన్నది.

ఆ సగమే కొంప ముంచింది. అయిపోయిన రీలు ఆమె చేతికిచ్చి అతను టికెట్లకు వెళ్ళాడు. బొమ్మల్లో ఎలా పడ్డానో ఒక్కసారి చూద్దామని కరుణ, పట్టపగలు, బాపట్ల ప్లాట్‌ఫారం మీద, రీలు కొస పట్టుకుని జడరిబ్బనులా బారెడు లాగేసింది. ఒక్క బొమ్మా లేదు. పాఠంలో మిగతా సగం అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక ఫొటోలు చూపిస్తానని రేపల్లెలో అత్తగారు మాణిక్యమ్మ ఇప్పటికే అందరికీ చెప్పేసింది. కోడలు బాగా చదువుకుందని కూడా చెప్పింది!

దారిలో, భర్త కునుకు తీస్తుండగా, రీలు కిటికీలోంచి పంటకాలవలో పడింది. రేపల్లె బండి కోసం తెనాలిలో దిగగానే కరుణ కెవ్వుమంది.

"ఏమండీ! దొంగ! రీలు లాక్కుపోయాడు!"

రైల్వే కానిస్టేబులు వీరాస్వామి వచ్చాడు. "మెళ్ళో గొలుసుండగా రీలు లాక్కుపోయాడా చెల్లెమ్మా? ఏంటి వాడి పోలిక?"

కరుణ దొంగను పుట్టించింది గానీ మొహం పెట్టడం మరిచిపోయింది.

"నేను చూశానండి," అన్నాడు బర్నబాస్. "పొడుగ్గా ఉన్నాడు. గళ్ళ లుంగీ, మెల్లకన్ను. అదుగో, ఆ వంతెనెక్కి ఉడాయించాడు. ఇంక దొరకడు లెండి, వదిలెయ్యండి."

లేని దొంగకు మెల్లకన్ను కూడానా! అంటే ఆయనకు అంతా తెలిసిపోయింది. తెలిసి కూడా, భార్య పరువు కోసం పోలీసు ముందు అబద్ధమాడాడు. కానిస్టేబులు అటు వెళ్ళాడో లేదో ఆమె కళ్ళు నిండిపోయాయి.

"దొంగా లేడు, దొరా లేడండి. నేనే రీలు లాగి చూశాను. వెలుగు తగిలి పాడైపోయింది. కాలవలో పారేశాను. మీకెలా తెలిసింది?"

బర్నబాస్ ఆమె వంక నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత బెంచీ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాకేం తెలుసే పిచ్చిదానా! నువ్వు దొంగ అనగానే ప్రభువే పంపాడనుకున్నా. ఈ కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ పట్టే కన్ను వేరు. సర్ది పెట్టెలో పెట్టేటప్పుడు గానీ చూసుకోలేదు.

రీలంతా ఆ కంటికి మూత తియ్యకుండానే తీశాను!"