ఒక్క గింజ తేడా

మైకు పనిచేస్తలేదని ఎల్లేశం దాని నెత్తిన మూడుసార్లు కొట్టాడు.

మైకు బాగానే ఉంది. పనిచేయనిది ప్రసంగానికొచ్చిన పాస్టరు గొంతు.

"జర గట్టిగ చెప్పుండ్రి అయ్యగారు," అన్నాడు సంఘపెద్ద ఎల్లేశం.

"ఇదే గట్టిగ," అన్నాడాయన. పంక్చరైన ట్యూబు మాట్లాడినట్టుంది.

ఆడవాళ్ల వరుసలో కూర్చున్న సాలమ్మకు ఉసూరుమనిపించింది. పాస్టరన్నాక స్వరంలోనే వరం ఉంటుంది. ఈయనకు రెండూ లేవు.

దేవరకొండ బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊరది. మందిరానికి డెబ్బై ఏడు గడపలు. పాత పాస్టరు పోయి ఏడాదైంది. బోధ లేక అందరికీ బాధ పట్టుకుంది.

పోటీలో మిగిలింది ఇద్దరు.

పోయిన ఆదివారం గోపాల్ గారొచ్చాడు. కోటు వేసుకొచ్చాడు. కోటు చూడగానే సగం ఓట్లు పడ్డట్టే. కరెంటు పోయి మైకు ఆగినా ఆయన ఆగలేదు. గుట్ట మీద మేకలు కూడా మేత ఆపి తలెత్తి విన్నాయి.

ఈ ఆదివారం ఈ దశరథ్ గారు. ముందు వరుసలో వాళ్లే చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది.

ఎవరేమిటో తెలుసుకుందామంటే ఊళ్లో ఒక కట్టడి ఉంది. కిందటిసారి మా దిక్కోడని ఒకరు, మా చుట్టమని ఇంకొకరు కొట్టుకుని మందిరానికి ఆర్నెల్లు తాళం వేశారు. అప్పటి నుంచి, వచ్చినవాడు తన ఊరు చెప్పకూడదు, చుట్టరికం చెప్పకూడదు, చేసొచ్చిన పని చెప్పకూడదు. ప్రసంగం చెయ్యాలి, ఇల్లిల్లూ తిరగాలి. గడపకొక ఓటు గింజ ముంతలో పడ్డాకే దరఖాస్తు కవరు చింపాలి.

మధ్యాహ్నం దశరథ్ గారు ఇల్లిల్లూ తిరుగుతూ సాలమ్మ గడపకొచ్చాడు.

"ఒక్కరే ఉంటరా అమ్మా?"

"నేను, గీ గోడ గడియారం. అదన్న మాట్లాడుతది."

ఆయన నవ్వాడు. నవ్వు కూడా వినబడలేదు.

సాలమ్మ చాయ్ ఇచ్చి, ఉన్నమాట అడిగేసింది. "ఏమనుకోకుండ్రి అయ్యగారు. గీ గొంతుతోని మనిషిని మట్టి చేసేకాడ పాటెట్ల పాడుతరు?"

"అంత పట్టింపా అమ్మా పాటంటే?"

"నాకున్న పట్టింపే గది. మా ఇంటాయన నర్సింహ కరోనాల పట్నం దవాఖానకు పోయిండు. మల్ల రాలే. పూడ్చిపెట్టినమని ఫోన్ చేసిండ్రు. పాట లేదు, ప్రార్థన లేదు. కుక్కను పూడ్చినట్టు పూడ్చిండ్రు. గది తలుసుకుంటె నాకు ముద్ద దిగదు. నన్ను మట్టి చేసేటప్పుడన్న పాట పొలిమేర దాక వినబడాలె. నాకింకేం వద్దు."

దశరథ్ గారు గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలె. ఇప్పుడు చెప్పరాదు. గింజ పడ్డంక వచ్చి చెప్త."

ఆయన వెళ్లాక సాలమ్మ మూతి తిప్పింది. చెప్పరానిదైతే ఊకోవాలె. గింజ కోసం గిట్ల ఊరిస్తడా? గొంతు లేదనుకుంటే గమ్మత్తులకేం తక్కువ లేదు!

సాయంత్రం ముంతకు గుడ్డ కట్టి పెట్టి, గడపకు రెండు రకాల గింజలూ ఒక్కొక్కటి ఇచ్చారు. గోపాల్ గారికైతే ఆముదం గింజ. దశరథ్ గారికైతే కందిగింజ.

సాలమ్మ గుడ్డ కింద చెయ్యి పెట్టి, కందిగింజ దాచుకుని ఆముదం గింజ వదిలింది.

ఎల్లేశం లెక్కపెట్టాడు. ఆముదాలు ముప్పై తొమ్మిది. కందులు ముప్పై ఎనిమిది.

"గొంతు లేకున్న ఇన్ని పడ్డయంటె, మనిషి మంచోడే ఉన్నట్టుండు," అన్నారెవరో.

గెలిచింది ఆముదం. ఆముదం తాగిన ముఖం మాత్రం సాలమ్మది. ఆ ఒక్క గింజా ఆమెదే మరి. చప్పుడు కాకుండా ఇంటికొచ్చి తలుపు వేసుకుంది.

కాసేపటికి తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడు.

"అమ్మా, నేను దశరథ్‌ను. ఒక మాట చెప్పిపోత."

ఏ ముఖం పెట్టుకుని తలుపు తీస్తుంది? గింజ నీకెయ్యలేదని ఎట్లా చెబుతుంది?

"బస్సు పోతదమ్మా."

ఆయన ఇంకేదో అన్నాడు. ఆ గొంతుకు తలుపు దాటే బలం లేదు. చెప్పులు దూరమైన చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత ఇంట్లో గడియారమొక్కటే మిగిలింది.

పొద్దు గూకే వేళకు చీపురు పట్టుకుని సాలమ్మ మందిరం ఊడ్వడానికి వెళ్లింది. పెద్దలు కవర్లు ముందేసుకుని కూర్చున్నారు. గోపాల్ గారిది చదవడం అయిపోయింది.

"ఓడిపోయినాయనది ఎందుకు చింపుడు?" అన్నాడొకాయన.

"కట్టడంటె కట్టడే," అని ఎల్లేశం చింపాడు.

లోపల పట్నం సంఘం వాళ్ల ఉత్తరం ఉంది. ఎల్లేశం పైకి చదివాడు. "కరోనా రెండోసారి వచ్చినప్పుడు, అయినవాళ్లు రాలేని శవాలకు ఈయన నలభై రోజులు సమాధుల తోటలో నిలబడి పాట పాడి మట్టి చేశాడు. చివరికి అదే జబ్బు పట్టి ప్రాణం దక్కింది కానీ గొంతు దక్కలేదు. ఆయన రాసుకున్న పేర్ల కాగితం దీనికి జత చేస్తున్నాం."

ఎల్లేశం కాగితం తిప్పాడు. వేలు పదకొండో పేరు మీద ఆగింది.

"వదినె, జర గా చీపురు పక్కకు పెట్టి కూసో."

"ఏమైంది, ఎల్లేశం?"

అతను కాగితం ఆమె చేతికిచ్చాడు. సాలమ్మ కూడబలుక్కుని చదువుకుంది. ముందు పెనిమిటి పేరు, తర్వాత తమ ఊరి పేరు, ఆ పక్కన చిన్న అక్షరాలతో ఒక్క ముక్క: "వాన పడుతోంది, ఎవరూ లేరు, పాట మూడు చరణాలూ పూర్తిగా పాడాను."